కాలు కింద పెట్టనివ్వని కోడలు

రేపల్లెలోని ఆ ఇంట్లో తెల్లవారగానే జరిగే మొదటి పని, శశిధర్ తన తల్లిని మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం. నెలన్నర రోజులుగా అదే వరస. ముఖం కడుక్కుని, లుంగీ ఎగ్గట్టుకుని ముందు గదిలోకి వచ్చేవాడు. ఒక చెయ్యి ఆమె వీపు కింద, ఇంకో చెయ్యి మోకాళ్ళ కింద పోనిచ్చి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, కిటికీ పక్కన దిండ్లు పేర్చిన కుర్చీలో మెల్లగా దించేవాడు. మాణిక్యమ్మ కళ్ళు మూసుకుని కొడుకు మెడ గట్టిగా పట్టుకునేది. కుర్చీలో కుదురుకున్నాక, "నీ నడుం పడిపోతుందిరా నాయనా," అనేది.

"నువ్వెంత బరువున్నావని," అనేవాడతను.

ఆమె నిజంగానే రోజురోజుకీ తేలికైపోతోంది. ఆ సంగతి ఇంట్లో గమనించింది భువనేశ్వరి ఒక్కతే. అత్తగారి జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. చీర మార్చేటప్పుడు చూస్తే, ఆపరేషన్ అయిన కాలి తొడ రెండో తొడలో సగానికి వచ్చినట్టుంది. భర్తతో అంటే, "ఈ వయసులో అంత పెద్ద ఆపరేషన్ అయితే చిక్కిపోరా మరి," అన్నాడు.

ఆ రోజు తెనాలి వెళ్ళాలి. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆరు వారాలకి మళ్ళీ తీసుకురమ్మన్నాడు.

"ఇప్పుడు ఎందుకురా అంత దూరం," అంది మాణిక్యమ్మ. "ఫోటో తీసినా అదే ఎముక, తియ్యకపోయినా అదే ఎముక."

"చూపించుకుని వచ్చేద్దాం అమ్మా. కారులో పడుకునే వద్దువుగాని."

మాణిక్యమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయిన తర్వాత చెరుకుపల్లి దగ్గరున్న మూడెకరాల పొలం వ్యవహారం తనే చూసుకుంది. ఊడ్పులకీ కోతలకీ బస్సెక్కి వెళ్ళి, గట్టు మీద నిలబడి పని చేయించి, సాయంత్రానికి తిరిగొచ్చేది. అలాంటి మనిషి శ్రావణ మాసంలో ఒక వాన రోజు పెరట్లో కుళాయి దగ్గర నాచు మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. తెనాలిలో ఎముకల ఆస్పత్రికి తీసుకెళితే, డాక్టర్ కృష్ణకాంత్ మర్నాడే ఆపరేషన్ చేసి, తొడ ఎముక లోపల రాడ్డు వేసి స్క్రూలు బిగించాడు.

ఆపరేషన్ అయిన రెండో రోజు పొద్దున, స్నేహలత అనే ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ తెచ్చి మాణిక్యమ్మని నిలబెట్టింది. మాణిక్యమ్మ పళ్ళు బిగబట్టి నాలుగడుగులు వేసింది కూడా. "చూశారా మామ్మగారూ, ఎంత బాగా నడిచారో. పూర్వం ఇలా పడ్డ పెద్దవాళ్ళని మంచానికే వదిలేసేవాళ్ళు. విరిగిన కాలితో కాదు, ఆ పడకతోనే పోయేవాళ్ళు," అంది ఆ పిల్ల ఉత్సాహపరచడానికి. మాణిక్యమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత పడుకుంటానంది. ఆ తర్వాత ఎవరెంత చెప్పినా కాలు కింద పెట్టలేదు. నొప్పి అంది, కళ్ళు తిరుగుతున్నాయంది, భయం అంది. అడగ్గా అడగ్గా ఏడుపు అందుకుంది. తల్లి ఏడుపు చూడలేక శశిధర్ ఎత్తుకోవడం మొదలుపెట్టాడు.

తెనాలిలో డాక్టర్ కృష్ణకాంత్ ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూసి తల ఊపాడు. తర్వాత మాణిక్యమ్మ రెండు తొడల చుట్టుకొలతలూ టేపుతో చూశాడు. ఆమెను నర్సుకి అప్పగించి, భార్యాభర్తలిద్దర్నీ పక్క గదిలోకి పిలిచాడు.

"ఎముక చక్కగా అతుకుతోంది. రాడ్డు కదల్లేదు. నా వైపు నుంచి ఏ లోపమూ లేదు," అన్నాడు. "ఆవిడ నడుస్తున్నారా?"

భువనేశ్వరే చెప్పింది. "లేదండి. ఈయనే ఎత్తుకుని కూర్చోబెడుతున్నారు."

"రాడ్డు ఎందుకు వేశానండి శశిధర్ గారూ? పడుకోవడానికైతే రాడ్డు అక్కర్లేదు." డాక్టరు గొంతు పెంచలేదు. "ఇలాగే ఉంచితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. వీపున పుళ్ళు పడతాయి. కాలిలో రక్తం గడ్డకట్టి పైకి పోవచ్చు. మొదటి ఏడాదే గండం. ఏడాది తిరిగేసరికి ఎముక మాత్రం బాగుండి, మనిషి లేకుండా పోయిన ఇళ్ళు నేను చాలా చూశాను."

బయట వరండాలో స్నేహలత భువనేశ్వరి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. చిన్న పిల్లే, పాతికేళ్ళు ఉంటాయి. మాటలో మాత్రం తడబాటు లేదు.

"అక్కా, మీ ఇంట్లో ఈ పని మీరే చెయ్యాలి. ఆయన వల్ల కాదు. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. ఎత్తొద్దు, లాగొద్దు. పడబోతే పట్టుకునేంత దగ్గర్లో ఉండండి, అంతే. ఏడుస్తారు. ఏడవనివ్వండి. బెడ్‌పాన్ ఈ రోజే తీసి అవతల పారెయ్యండి."

తిరుగు దారిలో వేమూరు దాటాక శశిధర్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీట్లో తల్లి నిద్రపోయిందని రూఢి చేసుకుని, మెల్లగా అన్నాడు. "నీకు చేతనైతే నువ్వు చెయ్యి భువనా. నేను అడ్డురాను. కాని నా వల్ల కాదు."

భువనేశ్వరి చెరుకుపల్లి మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. బడికి ఇంకో నెల సెలవు పెట్టింది. కూతురు కీర్తన విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో ఉండేది ముగ్గురే. రోజూ ఉదయం పదకొండు గంటలకీ, సాయంత్రం ఐదింటికీ నడిపించాలని నియమం పెట్టుకుంది. సెలవు రోజుల్లో ఆ వేళకి శశిధర్ చెప్పులేసుకుని బజారుకి వెళ్ళిపోయేవాడు.

మొదటి వారం నరకంలా గడిచింది. మంచం అంచున కూర్చోబెట్టి, వాకర్ ముందు పెట్టి, "లేవండి అత్తయ్యా," అంటే, మాణిక్యమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదిలేది కాదు. అరగంటైనా భువనేశ్వరి అక్కడే నిలబడేది. చివరికి విసుగుతోనో కోపంతోనో ఆమె లేచి, రెండడుగులు వేసి, ఏడుస్తూ ఆగిపోయేది. నొప్పికి ఏడ్చే ఏడుపులా లేదది. ఎవరినో తలుచుకుని ఏడ్చినట్టుండేది. భువనేశ్వరికి అది అప్పట్లో అర్థం కాలేదు.

"నువ్వు బడిలో పిల్లల్ని కూడా ఇలాగే ఏడిపిస్తావా?" అని అడిగింది ఒకరోజు.

"వాళ్ళు మీ అంత మొండివాళ్ళు కారు అత్తయ్యా."

ఇంకో రోజు బాత్‌రూముకి వెళుతుండగా దారిలోనే మాణిక్యమ్మకి చీర తడిసిపోయింది. ఆమె వాకర్ పట్టుకుని తల వంచుకుని నిలబడిపోయింది. భువనేశ్వరి ఆమెను కూర్చోబెట్టి, ఒళ్ళు తుడిచి, పొడి చీర కట్టి, నేల కడిగి వచ్చి, మళ్ళీ వాకర్ ముందుకు జరిపింది.

"ఇంకా ఆరడుగులు మిగిలాయి. లేవండి."

మాణిక్యమ్మ కోడలి వంక చూసిన చూపులో అసహ్యం ఉంది. లేచింది. నడిచింది. భువనేశ్వరి ఆమెను తిరిగి మంచం మీద పడుకోబెట్టి, పెరట్లోకి వెళ్ళి, పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

ఆ రాత్రి అన్నం తింటూ శశిధర్ అడిగాడు. "మధ్యాహ్నం జరిగింది అమ్మ చెప్పింది. అలా అయ్యాక కూడా మళ్ళీ నడిపించావంట. నీకు మనసెలా ఒప్పింది భువనా?"

ఆమె అతని కంచంలో మజ్జిగ పోసింది. ఆ ప్రశ్న మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. పదిహేడేళ్ళ కాపురంలో అతను తనని ఒక్క పరుషమైన మాట అనలేదు. ఇది పరుషంగానూ అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

మూడో వారంలో ఒక ఆదివారం, పదకొండు దాటాక, శశిధర్ అక్క హైమావతి బాపట్ల నుంచి వచ్చింది. వస్తున్నట్టు ఫోను చెయ్యలేదు. చెరుకుపల్లి మీదుగా వచ్చే బస్సు దిగి, ఆటో ఎక్కి, చేతిలో బత్తాయిల సంచీతో గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె కంటపడింది ఇదీ: తల్లి గది మధ్యలో వాకర్ పట్టుకుని వణుకుతూ నిలబడి ఉంది. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. ఒక అడుగు దూరంలో మరదలు చేతులు కట్టుకుని చూస్తోంది.

"నన్ను కూర్చోబెట్టవే," అంటోంది తల్లి. "నీకు దణ్ణం పెడతాను."

"కుర్చీ అక్కడుంది అత్తయ్యా. మీరే వెళ్ళి కూర్చోవాలి," అంటోంది కోడలు.

హైమావతి చేతిలో సంచీ కింద పడింది. పరుగున వచ్చి తల్లిని రెండు చేతులా పట్టుకుని కుర్చీలోకి చేర్చింది. ఆమె చెమట తుడిచి, నీళ్ళు తాగించి, అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఏంటమ్మా ఇది?"

"డాక్టరు గారు చెప్పిందే చేస్తున్నాను వదినా."

"చేతులు కట్టుకుని తమాషా చూడమని చెప్పాడా డాక్టరు? ఆవిడ దణ్ణం పెడతానంటోంది నీకు. నీ కన్నతల్లయితే ఇలాగే చూస్తూ నిలబడేదానివా?"

"నిలబడేదాన్ని."

ఆ ఒక్క మాటతో హైమావతి ముఖం కందిపోయింది. అప్పుడే శశిధర్ కూరగాయల సంచీతో లోపలికొచ్చాడు. అక్కని చూసి, తల్లిని చూసి, భార్యని చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వెక్కడికి వెళ్ళావురా? అమ్మని ఈ అమ్మాయికి వదిలేసి బజార్లు తిరుగుతున్నావా? అమ్మని నేను బాపట్ల తీసుకెళ్ళిపోతాను. మా ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టి ముద్ద కలిపి నోట్లో పెడతాను. ఈ బాధ ఆవిడకి అక్కర్లేదు."

శశిధర్ భార్య వంక చూశాడు. "అక్క కొన్నాళ్ళు తీసుకెళితే..." అని ఆగాడు.

భువనేశ్వరి వాకర్‌ని గోడవారకి జరిపింది. ఇన్ని రోజులూ చేసిందంతా ఆ సగం మాటతో పోయింది. "తీసుకెళ్ళండి వదినా," అంది నిదానంగా. "కాని మీరు ఎత్తుకుని తిప్పితే, ఏడాదిలోపు మీ అమ్మగారు మనకి దక్కరు. డాక్టరు ఈయన ముందే చెప్పాడు. ఈయన మీకు చెప్పి ఉండరు. నేను చెబుతున్నాను."

"శాపనార్థాలు పెడుతున్నావా?" అంది హైమావతి. "నీకు తెలుసా, మా నాయనమ్మకి కూడా ఇలాగే తుంటి విరిగింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, వీడికి అయిదేళ్ళు. మా అమ్మ ఆవిడని పదకొండు నెలలు కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంది. అన్నీ మంచం దగ్గరే. పువ్వుల్లో పెట్టి చూసింది. కోడలంటే మాణిక్యం అని చెరుకుపల్లిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడకి కోడలివి నువ్వు."

"ఆపవే," అంది మాణిక్యమ్మ.

గొంతు పెద్దది కాదు. అయినా ముగ్గురూ తిరిగి చూశారు.

"ఆ మాట అనకు. నీకు దణ్ణం పెడతాను, ఆ మాట మాత్రం నా ముందు అనకు."

ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని కాసేపు ఊపిరి కూడదీసుకుంది. మాట్లాడటం మొదలుపెట్టాక ఎవరి ముఖంలోకీ చూడలేదు.

"ఆవిడ కళ్ళంలో పడింది. గుంటూరు తీసుకెళదామని నేనన్నాను. డెబ్భై ఏళ్ళ మనిషికి ఆపరేషనేంటని మీ నాన్న, మీ పెదనాన్నలు వద్దన్నారు. కట్టు కట్టేవాణ్ణి పిలిపించి, వెదురు బద్దలు పెట్టి కట్టించి, కాలికి ఇటుక కట్టి వేలాడదీశారు. కదపకూడదన్నారు. నేను కదపనివ్వలేదు. నాకు మంచిపేరు వచ్చింది. ఎవరు చూడ్డానికొచ్చినా ఆ పేరే. ఆ పేరు కోసం ఇంకా కదపనివ్వలేదు."

శశిధర్ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఏడో నెలో ఎనిమిదో నెలో, నొప్పి తగ్గిందంది. 'మాణిక్యం, ఒక్కసారి నన్ను నిలబెట్టవే, వాకిలి దాకా వెళ్ళి ఎండలో కూర్చుంటాను' అంది. వద్దత్తమ్మా, పడతారు అన్నాను. రోజూ అడిగేది. రోజూ వద్దనేదాన్ని. తర్వాత అడగడం మానేసింది. వీపంతా పుళ్ళు పడ్డాయి. చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు." ఆమె తన కాలి వంక చూసుకుంది. "నన్ను ఆస్పత్రిలో రెండో రోజే నిలబెట్టారు. పడకతోనే పోయేవాళ్ళని ఆ పిల్ల అంది. ఆ పిల్లకేం తెలుసు పాపం. నేను కాలు కింద పెట్టినప్పుడల్లా నాకు అత్తమ్మ మాటే వినపడుతోంది. నేను నడవగలిగితే ఆవిడా నడిచేదే కదా. మరి ఆవిడని చంపింది నేనే కదరా."

హైమావతి నోటికి పమిట కొంగు అడ్డం పెట్టుకుంది.

భువనేశ్వరి ముందుకొచ్చి అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది. మూడు వారాలుగా తను చూసిన ఏడుపు దేనికోసమో ఇప్పుడు తెలిసింది. మొండితనం అనుకుంది. భయం అనుకుంది. ఒక్కసారైనా 'ఎందుకత్తయ్యా' అని అడగలేదు. ఎన్ని అడుగులు వేసిందో లెక్కపెట్టింది గాని, ఆ ముఖంలోకి చూడలేదు. ఓదార్చడానికి ఏదో ఒకటి అనవచ్చు. మీ తప్పేం లేదు అనవచ్చు. కాని తనకి తెలియని విషయం మీద తను చెప్పే మాటకి విలువేముంటుంది అనిపించింది.

"అత్తయ్యా, నాకు తెలియదు," అంది. "తెలిసినవాళ్ళని అడుగుదాం. రేపు వెళదాం. మీరే అడగండి."

మర్నాడు నలుగురూ తెనాలి వెళ్ళారు. డాక్టర్ కృష్ణకాంత్ మధ్యలో ఆపకుండా విన్నాడు. మాణిక్యమ్మ అంతా చెప్పి, చివరికి, "నిజం చెప్పండి బాబూ. ఓదార్చొద్దు," అంది.

డాక్టరు కుర్చీ ఆమె ముందుకు జరుపుకున్నాడు.

"అమ్మా, మీకు నేను లోపల రాడ్డు వేశాను. ఆ రాడ్డు మీ బరువు మోస్తోంది కాబట్టి రెండో రోజే నిలబెట్టగలిగాం. ఆవిడకి రాడ్డు లేదు. విరిగిన ముక్కలు విరిగినట్టే ఉన్నాయి. అప్పుడు నిలబెడితే నొప్పికి స్పృహ తప్పేవారు, ఎముక ఇంకా కదిలిపోయేది. ఆపరేషన్ లేనిచోట పడుకోబెట్టడమే అప్పటి వైద్యం. డాక్టర్లూ అదే చేసేవాళ్ళు. మొదటి నెలల్లో మీరు చేసింది తప్పు కాదు."

"తర్వాత? ఏడో నెలలో, నొప్పి తగ్గిందన్నప్పుడు?"

భువనేశ్వరి డాక్టరు ముఖం వంకే చూస్తోంది.

"అది నేను చెప్పలేనమ్మా. అప్పటికి ఎముక అతుక్కుని ఉంటే, పట్టుకుని నిలబెడితే నిలబడేవారేమో. అతుక్కోకుండా ఉంటే పడేవారు. చూడ్డానికి ఎక్స్‌రే లేదు. తెలియని దాన్ని అవునని అనలేను, కాదని అనలేను. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు మీకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మీ కోడలికి చెప్పడానికి మేమున్నాం."

మాణిక్యమ్మ పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అబద్ధం చెప్పలేదు మీరు. అది చాలు," అంది.

శశిధర్ అలవాటుగా ఆమె వీపు కింద చెయ్యి పోనివ్వబోయాడు.

"వద్దురా. ఆ వాకర్ ఇటు జరుపు." తర్వాత కోడలి వైపు తిరిగింది. "నువ్వు వెనకాల వద్దు. ముందు నడువు. నిన్ను చూస్తూ వస్తాను."

ఆ వరండా పొడవు నలభై అడుగులు ఉంటుంది. భువనేశ్వరి వెనక్కి వెనక్కి నడుస్తుంటే, మాణిక్యమ్మ వాకర్ ముందుకు వేసి, కాలు ఈడ్చి, మళ్ళీ వాకర్ వేసి వచ్చింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కాని ఈసారి కూర్చోబెట్టమని అడగలేదు. శశిధర్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. స్నేహలత తన గది గుమ్మంలోకి వచ్చి చూస్తూ, దగ్గరికి రాకుండా ఉండిపోయింది.

మందులు తేవడానికి శశిధర్ వెళ్ళినప్పుడు హైమావతి బల్ల మీద భువనేశ్వరి పక్కకి జరిగి కూర్చుంది.

"నిన్న నోటికొచ్చినట్టు అన్నాను."

"మీ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని వదినా."

"నువ్వు అనవు. అడిగి తెలుసుకుంటావు." హైమావతి చేతిలో రుమాలు మడతలు పెడుతూ అంది. "నాకెప్పుడైనా ఇలాంటిది జరిగితే కబురు చేస్తాను. నువ్వే రావాలి."

"వస్తాను. ఏడిపిస్తాను మరి."

"ఏడిపించు," అంది హైమావతి. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వులాంటిది వచ్చి పోయింది.

ఆ సాయంత్రం ఇంటికి చేరాక, శశిధర్ పెరట్లో కుళాయి దగ్గర చాలాసేపు నిలబడి ఉండటం భువనేశ్వరి చూసింది. దగ్గరికి వెళితే, తిరక్కుండానే మాట్లాడాడు.

"ఇక్కడ నాచు పట్టింది గీకించరా అని అమ్మ రెండుసార్లు చెప్పింది. రేపు రేపు అన్నాను. ఆవిణ్ణి ఎత్తుకుంటున్నప్పుడు ఆ సంగతి కాసేపు మరిచిపోయేవాణ్ణి భువనా. ఆవిడ కోసం ఎత్తుకున్నాననుకున్నాను. నా కోసమే ఎత్తుకున్నానేమో." ఆమె వైపు తిరిగాడు. "నీకు మనసెలా ఒప్పిందని అడిగాను. ఒప్పలేదని నాకు తెలియలేదు."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ ముల్లు అప్పటికి బయటికొచ్చింది.

కోలుకోవడం తేలిగ్గా జరగలేదు. ఒక వారం ముందుకు వెళితే ఇంకో వారం వెనక్కి వచ్చింది. మధ్యలో జ్వరం వచ్చి పది రోజులు మళ్ళీ మంచం ఎక్కింది. కాలు అరంగుళం పొట్టిదైందని చెప్పి, ఆ కాలి చెప్పుకి మడమ కింద ఎత్తు వేయించారు. నేల మీద కూర్చోవడం ఇక ఈ జన్మకి లేదన్నారు. పొలం గట్టు మీద నడవడం కూడా వద్దన్నారు. అది విన్న రోజు మాణిక్యమ్మ అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు మాత్రం పదకొండింటికి తనే పిలిచింది. "ఏంటే, వేళ కాలేదా?"

ఆ పూటల్లో నడుస్తూ నడుస్తూ ఆమె తన అత్తగారి కబుర్లు చెప్పేది. ఆవిడ ఎంత బాగా పాడేదో, చేపల పులుసు పెడితే వీధి చివరిదాకా ఎలా వాసన వచ్చేదో. ఇన్నేళ్ళలో ఆవిడ గురించి ఒక్క ముక్క కూడా ఇంట్లో చెప్పలేదని భువనేశ్వరికి అప్పుడు గుర్తొచ్చింది.

మాఘమాసం వచ్చేసరికి వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. పొడిగించిన సెలవు కూడా అయిపోయి, భువనేశ్వరి మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకరోజు తెల్లవారుజామున, ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే, ముందు గదిలో మంచం కిర్రుమంది. తర్వాత కర్ర నేలకి తగిలిన చప్పుడైంది.

శశిధర్ ఉలిక్కిపడి లేవబోయాడు. భువనేశ్వరి అతని చెయ్యి పట్టుకుంది.

"పడుకోండి."

"ఒక్కతే లేచింది."

"లేచారు. వెళ్ళనివ్వండి."

ఇద్దరూ చీకట్లో విన్నారు. కర్ర చప్పుడు, కాలు ఈడ్చిన చప్పుడు, మళ్ళీ కర్ర. వసారా దాటింది. ఒకచోట ఆగిపోయింది. శశిధర్ వేళ్ళు ఆమె చేతిలో బిగుసుకున్నాయి. చాలాసేపటికి మళ్ళీ కదిలింది. వంటింట్లో దీపం వెలిగింది. గిన్నె చప్పుడు, స్టవ్ అంటించిన చప్పుడు. కాసేపటికి కాఫీ వాసన గదిలోకి వచ్చింది.

"భువనా," అని వంటింట్లోంచి పిలిచింది మాణిక్యమ్మ. "లేవే అమ్మా, నీ బస్సు వేళవుతోంది. కాఫీ కలిపాను. ఒక చేత కర్ర, ఒక చేత గ్లాసు పట్టుకుని రావడం నా వల్ల కాదు. నువ్వే వచ్చి తాగాలి."

భువనేశ్వరి లేవబోయింది. కళ్ళు మసకబారి చెప్పులు కనిపించలేదు. వట్టి కాళ్ళతోనే వెళ్ళింది.